చెయ్యి తాకని రాగి

నేను ఏం ఉద్యోగం చేశానో బొంబాయిలో మా చాల్‌లో, ఆ వరస గదుల మేడలో, వాళ్ళకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. చేరిన కొత్తలో ఎదురింటి లచ్చవ్వ అడిగింది.

"ఏం పని బిడ్డా నీది?"

"రాపిడి కొలుస్తం అవ్వా. రాగి మీద రాగిని గుంజి ఎంత జోరు పడుతదో చూస్తం."

"గంతేనా?"

"గంతే."

"దానికి పగారిస్తరా?"

ఇచ్చారు. రిటైరయ్యేదాకా నెలనెలా జీతం ఇచ్చారు. లచ్చవ్వ మాత్రం బతికున్నంతకాలం నన్ను చూసి నవ్వుతూనే పోయింది.

ఈ మధ్య మా పాత పరిశోధన సంస్థలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చి, ఈ పని లోపల్నుంచి ఎలా ఉంటుందో రాసిపెట్టమన్నారు. యంత్రాల సంగతి వాళ్ళకు నాకంటే ఎక్కువే తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు, నాకే గుర్తులేదు. ఒక గది గురించి, అందులో పనిచేసిన ఒకరిద్దరి గురించి చెబుతాను. నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది.

ఆ గది

ఎనభైల మొదట్లో నేను చేరేనాటికి మా విభాగమంటే ఒక పొడవాటి గది, అంతే. ఒక చివర ఎయిర్ కండిషనర్ రోజంతా దగ్గుతూ ఉండేది. మధ్యలో గంట ఆకారంలో పెద్ద గాజు మూత, దాని కింద గాలి తోడేసే పంపు. మూత లోపల అరచేతిలో సగం పట్టే రాగి బిళ్ళ, దాని మీద ఆనుకుని చిన్న రాగి గుండు. గాలి తోడేసి, లోపలే వేడి చేసి రాగికి పట్టిన చిలుము వదిలించి, బిళ్ళను మెల్లగా జరిపేవాళ్ళం. గుండు ఎంత మొరాయిస్తుందో చూడడమే పని. గుండును పట్టుకున్న సన్నటి కమ్మీకి చిన్న అద్దం అతికించి ఉండేది. కమ్మీ వంగితే, అద్దం మీంచి గోడ మీద పడే వెలుగు చుక్క పక్కకు జరిగేది. చుక్క ఎంత జరిగితే అంత రాపిడి.

ఆ గదికి పెద్ద దామ్లే మేడమ్. పొట్టి మనిషి, నూలు చీర, దాని కింద కాన్వాసు బూట్లు. పంపులో నూనె మార్చాల్సి వస్తే కొంగు నడుముకు దోపుకుని తనే కింద కూర్చునేవారు. నేను మొదటిసారి చూసి, నేను చేస్తానని పరిగెత్తాను. "నువ్వు నేర్చుకో, కానీ నా చోట కూర్చోకు" అన్నారు. నవ్వుతూ అన్నారో నిజంగా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. గరుకుగా ఉంటే రాపిడి ఎక్కువ, నునుపైతే తక్కువ అని బళ్ళో చెబుతారు. మన చేతులకూ అలాగే తెలుస్తుంది. మేడమ్ అది ఒక హద్దు వరకేనని నమ్మేవారు. ఎంత నున్నటి రాగైనా ఇంకో రాగిని అక్కడక్కడ కొన్ని చోట్లే తాకుతుంది. తాకిన చోట అణువుల మధ్య అడ్డం ఏమీ లేకపోతే, ఒకే ముక్కలో ఎలా పట్టుకుని ఉంటాయో అలా పట్టేసుకుంటాయి. ఇంట్లో రాగి చెంబు రాగి పళ్ళెం మీద జారుతుందంటే నడుమ గాలి పొరో, చిలుమో, చేతి జిడ్డో ఉండబట్టే. ఆ జిడ్డు కంటికి కనపడనక్కర్లేదు, అణువులు ఒక్క వరుస పరుచుకున్నా చాలు. కాబట్టి రాగిని ఎంత నునుపు చేసి ఎంత శుభ్రం చేస్తే, దాని మీద రాగి జరగడం అంత కష్టం కావాలి. ఇది ఆమె కనిపెట్టిన సంగతి కాదు, పెద్ద శాస్త్రవేత్తలు అంతకుముందే చెప్పారు. నడుమ ఎంత పలచటి పొర చేరితే ఆ పట్టు వదులుతుందో మన దగ్గర, మన చేతులతో కొలిచి తేల్చాలని ఆమె పట్టుదల.

ఆమె కింద రేగే గారని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. నునుపైతే జారాల్సిందే, ఎంత లోతుకు పోయినా రాపిడంటే ఎగుడుదిగుళ్ళ తగులాటే అని ఆయన పక్షం. ఇద్దరూ పొద్దున వాదించుకుని మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు.

ఆ గదిని ఇంకో విభాగం వాళ్ళు అడుగుతున్నారు. వానాకాలం అయిపోయేలోగా ఒక కమిటీ వచ్చి చూస్తుందని, పని ఒక దారిలో ఉన్నట్టు కనపడకపోతే గది వాళ్ళకు ఇచ్చేస్తారని కబురొచ్చింది. గది పోతే మేడమ్‌కు ఎక్కడో పాఠాలు చెప్పే పని, నాకు స్టోర్స్, మాతో ఉన్న పాలిష్ మనిషికి ఇంటిదారి. ఇది మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

కాక

ఆ పాలిష్ మనిషి సాయన్న కాక. మా చాల్‌లో కింది అంతస్తులో ఉండేవాడు. మాది కామాటిపుర ఏడో గల్లీ. మా తాత పాలమూరు వైపు నుంచి గోడలు కట్టడానికి వచ్చాడు, నాన్న గవండీగా తాపీ పని చేశాడు, నేను మునిసిపాలిటీ తెలుగు బళ్ళో చదువుకుని అక్కణ్ణుంచి డిప్లొమా దాకా వెళ్ళాను. సంస్థలో ఎవరైనా ఇల్లెక్కడంటే పక్క పేట పేరు పట్టుకుని "నాగ్‌పాడా దగ్గర" అనేదాన్ని. కామాటిపుర అనగానే అందరికీ పక్క గల్లీల్లోని వేశ్యావాటికే గుర్తొచ్చేది, ఎదుటి ముఖం ఒక్క క్షణం మారేది. ఆ క్షణం చూసే ఓపిక నాకు ఉండేది కాదు.

కాక నాగ్‌పాడాలో ఇత్తడి సామాన్లకు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. అది మూతబడింది. అప్పుడే మేడమ్ బయట పాలిష్ చేయించిన బిళ్ళలన్నీ గీతలు పడి వస్తున్నాయని విసుక్కుంటున్నారు. మా చాల్‌లో ఒకాయన ఉన్నాడని చెప్పాను. "చెప్పడం ఎందుకు, తీసుకురా" అన్నారు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని, నా వెనకే బస్సు దిగి వచ్చాడు. రాగి మెత్తటి లోహం. కాస్త గట్టిగా నొక్కితే గీత పడుతుంది, కాస్త వదిలేస్తే మచ్చ ఉండిపోతుంది. కాక బిళ్ళను గుడ్డ మీద పెట్టి, మోచెయ్యి కదలకుండా, భుజం నుంచి మాత్రమే చెయ్యి ఆడించేవాడు. నడుమ నడుమ బిళ్ళను కిటికీ వైపు తిప్పి, అందులో పడే ఊచల నీడ చూసేవాడు. ఒక్క ఊచ వంగినట్టు కనపడ్డా మళ్ళీ మొదలు. ఆ నిదానానికి నా చూపు గడియారం మీదే ఉండేది. మేడమ్ మాత్రం స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, సినిమా చూసినట్టు చూసేవారు.

ఆయనకు ఆమె చెప్పిన నియమం ఒక్కటే. పాలిష్ అయ్యాక బిళ్ళను మందుతో కడిగి, వేడి గాలికి ఆరబెట్టి, మూతున్న గాజు గిన్నెలో పెట్టాలి. కడిగాక చెయ్యి తాకకూడదు. మేడమ్ మరాఠీలో చెబితే నేను తెలుగులో చెప్పాను.

"ఎందుకు బిడ్డా?"

"మన చేతికి జిడ్డుంటది కాక. కంటికి కనపడది గని, రాపిడిని మొత్తం మార్చేస్తది."

"అచ్చా. అయితే ముట్ట."

ఆ మాట ఆయన మడి కట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇత్తడి పనిలో సామాను పూర్తయితే ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో నిమిరి చూసుకోవడం ఆయన అలవాటు. ఇక్కడ అది వదిలేశాడు. కడిగినప్పటి నుంచి గిన్నెలో పెట్టేదాకా చిమ్టాతోనే, ఆ చిన్న పట్టకారుతోనే, పట్టుకునేవాడు. మా దగ్గర చేసిన బిళ్ళల్లో ఒక్కదాన్ని కూడా పూర్తయ్యాక చేత్తో ముట్టుకుని ఎరగడు.

కొన్నాళ్ళకే గదిలో అందరికీ ఆయన కాక అయిపోయాడు. మరాఠీలోనూ బాబాయికి అదే మాట కావడం మా అదృష్టం.

తలకిందులైన లెక్క

కొలతలు మొదలుపెట్టాం. నా పని గిన్నెలోంచి బిళ్ళను చిమ్టాతో తీసి మూత కింద బిగించడం, వెలుగు చుక్క ఎక్కడ ఆగిందో గోడ మీది గీతలు చూసి చెప్పడం. ఏ బిళ్ళ ఎంత నునుపో రేగే గారు కడగకముందే ఒక యంత్రం మీద చూసుకుని ఉంచుకునేవారు.

వచ్చిన లెక్క మేడమ్ నమ్మకానికి సరిగ్గా తిరగబడి వచ్చింది. కాస్త మచ్చలున్న బిళ్ళల మీద గుండు మొరాయించేది. ఊచల నీడ దారంలా నిటారుగా పడే మేలిమి బిళ్ళల మీద హాయిగా జారిపోయేది. ఎంత నునుపో అంత జారుడు. రేగే గారు చుక్కలు పెట్టి గీత గీస్తే ఎక్కడా వంకర లేని గీత వచ్చింది. అంత అందంగా వచ్చిన లెక్కను అనుమానించడం ఎంత కష్టమో మీకూ ఏదో ఒక రోజు తెలుస్తుంది.

నేను అంతకుముందు కొన్నాళ్ళు వేరే చోట పనిచేశాను. అక్కడ ఒక పెద్దాయన నచ్చని అంకె వస్తే "పంపు సరిగ్గా లేనట్టుంది" అనేవారు. నచ్చిన అంకె వచ్చిన రోజు పంపు ఎప్పుడూ బాగానే ఉండేది. అలాంటివాళ్ళు మీకూ తగులుతారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోవచ్చు, కానీ వాళ్ళ దగ్గర ఎక్కువకాలం ఉండొద్దు.

మేడమ్ పంపును నిందించలేదు. అన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశారు. గుడ్డ మార్చాం, పాలిష్ పొడి మార్చాం, కడిగే మందు మార్చాం. పంపు నూనె ఆవిరి లోపలికి వస్తోందేమోనని దాని దారిలో ఆవిరిని గడ్డకట్టించి పట్టే చల్లటి ఉచ్చు పెట్టాం. లెక్క మాత్రం మారలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం డబ్బా తెరుస్తూ రేగే గారితో అన్నారు.

"కమిటీకి నేనే చెబుతాను. ఇన్నాళ్ళూ నేను అనుకున్నది తప్పు, మీరు అన్నదే నిజం అని."

రేగే గారు ముద్ద కలపడం ఆపేశారు. గెలిచిన మనిషి ముఖం అంత దిగాలుగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. ఆమె ఆ మాట చెబితే గది నిలవదని ఆయనకూ తెలుసు. ఆ లెక్క తేలిపోతే ఇక చేయడానికి ఏముందని అడుగుతారు కమిటీ వాళ్ళు.

నాకు ఆమె మీద అప్పుడు కోపం వచ్చింది. ఎందుకంత నిజాయితీ, కాస్త ఆగి చెప్పొచ్చుగా అనిపించింది. ఈ వయసులో వెనక్కి చూస్తే, ఆ కాసేపట్లోనే ఆమె ఎంత పెద్ద మనిషో నాకు తెలియడం మొదలైందని అనిపిస్తుంది.

వరండాలో ఆవిరి

కమిటీకి చూపించడానికి మేలిమి బిళ్ళ ఒకటి ఎంచాలి. గదిలో ట్యూబులైటు వెలుగులో ఏమీ తెలియడం లేదని, పగటి వెలుగులో చూద్దామని మేడమ్ వరండాలోకి నడిచారు. నేను గాజు గిన్నె పట్టుకుని వెనకే వెళ్ళాను. బయట జోరు వాన. బొంబాయి వానాకాలపు గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, ఆరేసిన గుడ్డ మూడు రోజులైనా ఆరదు.

మూత తీశాను. ఎయిర్ కండిషనర్ గదిలో పొద్దుట్నుంచీ చల్లబడి ఉన్న రాగి మీద ఆ ఉక్క గాలి తగలగానే ఆవిరి పట్టింది. అయ్యో, బిళ్ళ పాడైందని మూత పెట్టబోయాను. మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు. చూడు."

శుభ్రమైన రాగి మీద ఆవిరి పలచటి నీటి పొరలా పరుచుకుంటుంది, ఉన్నట్టే తెలియదు. జిడ్డున్న చోట చిన్న చిన్న చుక్కలై తెల్లగా మసకబారుతుంది. బిళ్ళ మీద చాలా భాగం అద్దంలా ఉంది. నడుమ మాత్రం తెల్లగా ఒక వంపు, దానికి అడ్డంగా ఇంకో వంపు. వంపు అంచున వెంట్రుకంత సన్నటి గీతలు, వరసగా. అది ఏమిటో పోల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"మేడమ్, అది కనురెప్ప."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత మెల్లగా గది తలుపు దాకా వెళ్ళి గాజు పలకలోంచి లోపలికి చూశాం. కాక తన బల్ల దగ్గర ఒక బిళ్ళను ఆరబెడుతున్నాడు. చిమ్టాతో ఎత్తి కిటికీ వైపు తిప్పాడు, ఊచల నీడ చూశాడు. నచ్చింది. కళ్ళు మూసుకుని, చిమ్టాతోనే, ఆ బిళ్ళను కుడి కంటికోసారి ఎడమ కంటికోసారి అద్దుకున్నాడు. అద్దుకుని గిన్నెలో పెట్టి మూత వేశాడు.

ఆ పని ఆయన చేయడం నేను ఎన్నోసార్లు చూసి ఉంటాను. మా నాన్న తాపీని అలాగే అద్దుకునేవాడు. అమ్మ కొత్త చేటను అద్దుకునేది. నేను పుస్తకం కింద పడితే అద్దుకుంటాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని ఎవరు చూస్తారు? మేడమ్ ఇంట్లోనూ అదే అలవాటు, రేగే గారింట్లోనూ అదే. గదిలో ఎవరి కంటికీ అది పనిలో భాగంగా ఆనలేదు.

నచ్చినవాటినే

కాకను స్టూలు మీద కూర్చోబెట్టారు. నేను చెప్పేలోపే అన్నాడు.

"చెయ్యి ముట్టలే మేడమ్. బిడ్డను అడుగు. ఒక్కదానికి గూడ చెయ్యి ముట్టలే."

"తెలుసు. చెయ్యి తాకకూడదనే నేను చెప్పాను. కళ్ళ సంగతి చెప్పలేదు. నియమం చెప్పింది నేను, తప్పూ నాదే."

ఆమె మరాఠీలో అన్నది ఆయనకు అర్థమైంది కానీ నమ్మబుద్ధి కాలేదు. నా వైపు చూశాడు. నేను తెలుగులో మళ్ళీ చెప్పాను. అప్పటికి స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

రేగే గారు ఒక్క ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న వేసినందుకు ఆయన మీద నా గౌరవం రెట్టింపైంది, ఎందుకంటే జవాబు ఎటు పోతుందో ఆయనకు అప్పటికే అనుమానం వచ్చి ఉండాలి.

"కాకా, అన్ని బిళ్ళలనూ అద్దుకుంటావా?"

"అన్నిటినెందుకు అద్దుకుంట సాబ్? బరాబర్ వచ్చినవాటినే. మచ్చ ఉన్నదాన్ని కండ్లకద్దుకుంటే నాకే షరమైతది."

రేగే గారు తన అందమైన గీత ఉన్న కాగితాన్ని ముందుకు లాక్కున్నారు. నునుపైన బిళ్ళలన్నీ జారింది నునుపు వల్ల కాదు. అవి కాకకు నచ్చాయి, నచ్చాయి కాబట్టి కళ్ళకు అద్దుకున్నాడు, అద్దుకున్నాడు కాబట్టి రెప్పల జిడ్డు పలచటి పొరై రెండు రాగుల నడుమ అడ్డం పడింది. లోపల వేడి చేసినా ఆ జిడ్డు పోదు, మాడి అక్కడే అంటుకుంటుంది. ఇన్నాళ్ళూ మేము గోడ మీద చుక్క చూసి కొలిచింది ఒక మనిషి తన పనిని ఎంత మెచ్చుకున్నాడన్నది.

"మొత్తం మళ్ళీ చేద్దాం" అన్నారు రేగే గారు. గీత ఉన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. దాచుకోవడానికో పారేయడానికో నేను అడగలేదు.

ఇక్కడ ఒక మాట. ఆ దశాబ్దం పూర్తయ్యేలోగా, బయటి దేశాల్లో సన్నటి సూది మొనతో అణువుల వరసల మీద గీకి, ఒక్కో అణువు దగ్గర రాపిడి ఎలా ఎక్కి దిగుతుందో చూస్తున్నారని మా గదికి వార్త వచ్చింది. మేడమ్ ఆ వ్యాసాన్ని పట్టుకుని చిన్నపిల్లలా గదంతా తిరిగారు. ఇప్పుడు అలాంటి యంత్రాలు మీ బల్లల మీదే ఉన్నాయి. మా దగ్గర ఉన్నవల్లా గోడ మీద వెలుగు చుక్క, వాన గాలి. అయినా ఆ రోజు వరండాలో అణువుల పొరను నేను కంటితో చూశాననే అనుకుంటాను. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

అడిగితే వచ్చేది కాదు

కమిటీ రావడానికి ఇంక ఎక్కువ రోజులు లేవు. మొత్తం మళ్ళీ కొలిచే సమయం లేదు. మేడమ్ ఒక ఉపాయం ఆలోచించారు. ఒకే నునుపున్న రెండు బిళ్ళలు. ఒకదాన్ని కమిటీ ముందే కాక కళ్ళకద్దుకుంటాడు, ఇంకోదాన్ని అద్దుకోడు. రెండింటినీ వాళ్ళ కళ్ళముందే కొలిచి చూపిస్తాం.

కాక ఒప్పుకోలేదు.

"తమాషాకు అద్దుకోరాదు మేడమ్. అది అడిగితే వచ్చేది కాదు. మంచిగ వస్తే దానంతటది వస్తది."

గది పోతుందని నేను బతిమాలాను. సంగతి మొత్తం విడమరిచి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

"గది పోతే ఇంకో కామ్ చూసుకుంట బిడ్డా. దేవునికి పెట్టేదాన్ని నాటకానికి పెట్టమంటవా?"

ఆ మాటలే మేడమ్‌కు మరాఠీలో చెప్పాను. మేడమ్ మాత్రం ఒక్క క్షణమైనా విసుక్కోలేదు. ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నిజమే. అయితే నాటకం వద్దు. రెండు బిళ్ళలు నీకు నచ్చేలాగే చెయ్యి. నచ్చకపోతే ఏదీ అద్దుకోకు, ఆ రోజుకు నేనేదో చెప్పుకుంటాను. నచ్చితే, ఒకదాన్ని నీ అలవాటు ప్రకారం అద్దుకో. రెండోదాన్ని మాత్రం ముందు పనికి పోనివ్వు. పని అయ్యాక అద్దుకుందువు గానీ. వస్తువుకు దండం పని అయ్యాక పెట్టినా తప్పు లేదు కదా?"

కాక టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పని అయినంక నాకిస్తవా?"

"నేనే తెచ్చి ఇస్తాను."

"అట్లయితే సరే."

మీరు పెద్ద స్థానాలకు వెళ్ళాక మీ కింద మనుషులుంటారు. ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పే పుస్తకాలు కొంటారు. నాకు ఆ ఒక్క సంభాషణ సరిపోయింది.

కమిటీ

వాళ్ళొచ్చిన రోజు గదిలో నిలబడడానికి చోటు లేదు. మేడమ్ సంగతి మొత్తం చెప్పారు. తిరగబడి వచ్చిన లెక్క, రేగే గారి గీత, వరండాలో ఆవిరి, కనురెప్ప. ఒక్కటీ దాచలేదు, తన నియమంలో లోటుతో సహా. కమిటీలో ఒకాయన నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, "అవును, నవ్వొచ్చేదే" అని, మళ్ళీ ఆపిన చోటి నుంచే మొదలుపెట్టారు.

ఇంకొకాయన కాకను ఎక్కడి వాడివని అడిగారు. నేను బిళ్ళల గిన్నె మీదికి తల వంచాను. కాక టోపీ సర్దుకుని హిందీలో, ఏ తడబాటూ లేకుండా చెప్పాడు.

"కామాటిపుర, ఏడో గల్లీ సాబ్. ఈ బిడ్డ గూడ ఆడనే."

ముఖాలు మారాయో లేదో నేను చూడలేదు. ఆ తర్వాత నాగ్‌పాడా పేరు చెప్పుకోవడం మానేశాను.

కాక రెండు బిళ్ళలనూ కిటికీ వైపు తిప్పి చూశాడు. అంత నిటారుగా ఊచల నీడ పడడం నేను ఎన్నడూ చూడలేదు. ఒకదాన్ని, చుట్టూ అంతమంది ఉన్నారన్న ధ్యాస లేకుండా, కళ్ళు మూసుకుని అద్దుకున్నాడు. అది నాటకం కాదని గదిలో అందరికీ తెలిసింది, నవ్విన ఆయనకు కూడా. రెండోదాన్ని చూసి, ఒక్క క్షణం ఆగి, అలాగే గిన్నెలో పెట్టాడు. ఆ ఒక్క క్షణం ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

మొదటి బిళ్ళ ఎప్పటిలాగే జారింది. గోడ మీద చుక్క కాస్త కదిలి నిలిచింది.

రెండోదాన్ని బిగించాను. గాలి తోడాం, వేడి చేశాం, చల్లారనిచ్చాం. రేగే గారు బిళ్ళను జరిపే మరను మెల్లగా తిప్పారు. చుక్క జరిగింది. ఇంకా జరిగింది. గీతలన్నీ దాటి గోడ మూలకు పోయింది. మర తిరగనని మూలిగింది. మూత లోపల సన్నటి కమ్మీ విల్లులా వంగి ఉంది, గుండు మాత్రం ఇసుమంత కూడా కదలలేదు. రాగి రాగిని పట్టేసుకుంది.

"ఇక తిప్పకండి, విరుగుతుంది" అన్నారు మేడమ్. ఇన్నేళ్ళూ ఆమె నమ్మింది కళ్ళముందు అంత మొండిగా నిలబడింది. ముందుగా చప్పట్లు కొట్టింది రేగే గారు.

చేత్తో

గది మాకే ఉంటుందని కొన్నాళ్ళకు కబురొచ్చింది. మేడమ్ ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పడేసి, నేరుగా కాక దగ్గరికి వెళ్ళారు. చేతిలో ఆ రెండో బిళ్ళ ఉంది. గుండును విడదీయడానికి ఎవరికీ మనసు రాలేదు. కమ్మీని కత్తిరించి అలాగే ఉంచేశారు. అద్దంలాంటి రాగి నడుమ చిన్న గుండు, అక్కడే మొలిచినట్టు ఉంది.

కాక దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అంటే నేను మంచిగ చేసినకొద్దీ అది ఇడిసిపెట్టదన్నట్టు."

"అవును. నువ్వు ఇంత మంచిగా చేయకపోతే ఇది ఇంత గట్టిగా పట్టుకునేది కాదు."

కాక మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, అలవాటు కొద్దీ, బల్ల మీది చిమ్టా కోసం చెయ్యి చాపాడు.

"చిమ్టా వద్దు కాకా" అన్నారు మేడమ్. "దీని పని అయిపోయింది. చేత్తో పట్టుకో."

కాక చిమ్టా దగ్గరి చేతిని వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ పంచెకు తుడుచుకుని, దోసిలి పట్టాడు. మేడమ్ బిళ్ళను అందులో పెట్టారు. మా దగ్గర చేరాక తాను పాలిష్ పట్టిన రాగిని, పని పూర్తయ్యాక, ఆయన చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. బొటనవేలితో అంచు నుంచి అంచుకు, చాలా మెల్లగా, నిమిరి చూసుకున్నాడు. తర్వాత కళ్ళకద్దుకున్నాడు.